మందు ఎప్పుడు ఆపాలో తెలిసిన ఫార్మసిస్టు కావాలి

ఆరేళ్ల ఫార్మసీ డిగ్రీ ఫార్మ్ డీలో చివరి ఏడాదికి వచ్చిన పిల్లల ఇళ్లలో ఒకటే ప్రశ్న నడుస్తుంటుంది: "ఆరేండ్లు చదివితివి, ఇప్పుడేం చేస్తవు?" వరంగల్, హన్మకొండ కాలేజీల్లో చదివిన మాకు దారులు మామూలుగా మూడే. హైదరాబాద్ వెళ్లి ఫార్మకోవిజిలెన్స్ (మందుల దుష్ప్రభావాలు నమోదు చేసే పని)లోనో మెడికల్ కోడింగ్‌లోనో చేరడం. ఎమ్మెస్ అని అమెరికా విమానం ఎక్కడం. లేదంటే ఏదో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో క్లినికల్ ఫార్మసిస్టుగా, అంటే వార్డుల్లో రోగుల మందులు సరిచూసే పనిలో, కుదురుకోవడం. ఈ మూడోది నేను కొంతకాలంగా చేస్తున్నాను. ఇప్పుడు దాన్ని వదిలి ఏడాదిపాటు ఇన్ఫెక్షియస్ డిసీజెస్ (ఇన్ఫెక్షన్ జబ్బులు)లో రెసిడెన్సీకి, అంటే ఆసుపత్రిలోనే ఉండి నేర్చుకునే ట్రైనింగుకు, వెళ్తున్నాను. అక్కడిచ్చే స్టైఫండ్ నా జీతం కన్నా తక్కువ.

చుట్టాలు "ఉన్న నౌకరి ఇడిసిపెట్టి మళ్ల చదువుడేంది" అంటున్నారు. జూనియర్లు వేరేలా అడుగుతున్నారు: "అక్కా, స్పెషాలిటీయే కావాలనుకుంటే ఆంకాలజీ (క్యాన్సర్ విభాగం) తీసుకోవచ్చు కదా, స్కోప్ అంతా దాంట్లోనే ఉందంటున్నారు." ఇద్దరికీ నా జవాబు ఒకటే. మన ప్రాంతంలో మందు ఇచ్చేవాళ్లకు కొదవ లేదు. ఈ రోగికి ఈ మందు అక్కర్లేదని, ఇంకా చిన్న మందు చాలని, ఇక ఆపేయవచ్చని లెక్కతో సహా చెప్పగలిగే మనిషి లేరు. ఆ మనిషిని తయారుచేసే చదువు ఇన్ఫెక్షన్ల ఫార్మసీ. కాలేజీలో చదివిన ఆరేళ్లు దానికి సరిపోవు.

మా బాపుది మెడికల్ షాపు. స్కూలు నుంచి వచ్చి కౌంటర్ వెనక స్టూలు మీద హోంవర్క్ చేసుకునేదాన్ని కాబట్టి జనం మందులు ఎలా అడుగుతారో నాకు పుస్తకాల కన్నా ముందే తెలుసు. వానాకాలంలో సాయంత్రమయ్యేసరికి కౌంటర్ ముందు గుంపు. "జరానికి గోలీలు ఇయ్యి పటేలా, జర గట్టియి ఇయ్యి, పొద్దుగాల నాటు ఉన్నది" అంటారు. నాటుకు కూలీలు దొరకని రోజుల్లో ఒక్కరోజు మంచం పట్టినా నష్టమే కాబట్టి వాళ్ల తొందర న్యాయమైందే. ఆ ఒత్తిడికే పారాసెటమాల్ పక్కన ఒక యాంటీబయాటిక్ గోలీ, ఒక గ్యాస్ గోలీ వచ్చి చేరతాయి, రెండు రోజులకు సరిపడా కాగితంలో చుట్టి. దానికి ముందే ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర ఒక సూది పడి ఉంటుంది.

బాపు షెడ్యూల్ హెచ్1 రిజిస్టర్ ఒక్కరోజు కూడా తప్పకుండా రాస్తాడు. 2014 మార్చి నుంచి ఉన్న నిబంధన ఇది. సెఫిక్సిమ్, సెఫ్ట్రియాక్సోన్, మెరోపెనెమ్ లాంటివి అమ్మితే రాసిన డాక్టర్ పేరు, రోగి పేరు, ఎన్ని ఇచ్చామో విడిగా రాసి మూడేళ్లు దాచాలి. చీటీ లేకపోతే సెఫిక్సిమ్ ఇవ్వనంటాడు. అడిగిన మనిషి మారుమాట్లాడకుండా రెండడుగులు పక్కకు వేసి ఇంకో షాపులో కొనుక్కుంటాడు. ఒక్క షాపు నిజాయితీతో, ఒక్క రిజిస్టర్‌తో ఆగే సంగతి కాదిదని నాకు అక్కడే అర్థమైంది. యాంటీబయాటిక్‌కు మిగతా మందులకు లేని గుణం ఒకటుంది. బీపీ గోలీ నేను వేసుకుంటే మా పక్కింటాయన బీపీ గోలీ పనిచేయడం మానేయదు. యాంటీబయాటిక్ విషయంలో అదే జరుగుతుంది: వాడేకొద్దీ సూక్ష్మజీవులు దానికి లొంగకుండా మారి ఒకరి నుంచి ఒకరికి పాకుతాయి. మందుకు లొంగని సూక్ష్మజీవులు 2019లో ప్రపంచంలో దాదాపు 12.7 లక్షల మంది మరణాలకు నేరుగా కారణమయ్యాయని 2022లో లాన్సెట్‌లో వచ్చిన అధ్యయనం లెక్కగట్టింది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017 నుంచి యాంటీబయాటిక్స్‌ను మూడు గుంపులుగా విడగొట్టి చూపిస్తోంది. ముందుగా వాడాల్సినవి యాక్సెస్, జాగ్రత్తగా చూసి వాడాల్సినవి వాచ్, ఆఖరికి దాచుకోవాల్సినవి రిజర్వ్. అమాక్సిసిలిన్, డాక్సీసైక్లిన్ మొదటి గుంపు. మన దగ్గర మామూలు జరానికి కూడా చేతికందే అజిత్రోమైసిన్, సెఫిక్సిమ్, సెఫ్ట్రియాక్సోన్ మూడూ రెండో గుంపు. వాడే మందుల్లో 70 శాతం యాక్సెస్ గుంపువే ఉండేలా 2030 నాటికి చేరాలని 2024లో ఐక్యరాజ్యసమితి సమావేశంలో దేశాలన్నీ ఒప్పుకున్నాయి. ఆ శాతం న్యూయార్క్ సభలో మారదు. నర్సంపేటలో, పరకాలలో, ములుగులో మారాలి.

స్క్రబ్ టైఫస్ సంగతే తీసుకోండి. పొలం గట్ల మీద, పొదల్లో ఉండే కంటికి కనపడనంత చిన్న పురుగు పిల్ల కుట్టడం వల్ల వచ్చే జ్వరం ఇది. తలనొప్పి, ఒళ్లునొప్పులు, ప్లేట్‌లెట్లు తగ్గడం చూసి డెంగీ అనుకుంటారు. దీన్ని పట్టించే గుర్తు ఒకటుంది: పురుగు కుట్టినచోట సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పెచ్చు. నొప్పి ఉండదు, దురద పెద్దగా ఉండదు. చంకలోనో గజ్జల్లోనో రొమ్ము కిందనో ఉంటుంది కాబట్టి రోగి చెప్పడు, బట్టలు తొలగించి చూస్తే తప్ప డాక్టర్‌కు కనపడదు. కొందరిలో అసలే ఉండదు. ఈ జ్వరానికి సెఫ్ట్రియాక్సోన్ సూదులు ఎన్ని పొడిచినా ఉపయోగం లేదు, ఆ సూక్ష్మజీవి మీద ఆ జాతి మందులు పనిచేయవు. పనిచేసేది ఏ మెడికల్ షాపులోనైనా చవగ్గా దొరికే డాక్సీసైక్లిన్. జబ్బు ముదిరి ఊపిరితిత్తులో కిడ్నీయో దెబ్బతిన్నవాళ్లకు డాక్సీసైక్లిన్, అజిత్రోమైసిన్ రెండూ కలిపి సెలైన్‌లో ఇస్తే ఒక్కోటి విడిగా ఇచ్చినదాని కన్నా మేలని 2023లో మన దేశంలోనే జరిగిన ట్రయల్ తేల్చింది. అంటే గట్టి మందు పనికిరాక, చవక మందు ప్రాణం నిలిపే జబ్బు మన పొలాల్లోనే ఉంది.

డాక్సీసైక్లిన్ జాతిలో మొదట వచ్చిన మందు ఆరియోమైసిన్. అది 1948లో అమెరికాలోని లెడర్లీ కంపెనీ నుంచి బయటికి వచ్చినప్పుడు అక్కడ పరిశోధన అంతటికీ పెద్ద మన భీమవరంలో పుట్టిన యెల్లాప్రగడ సుబ్బారావు గారు. మందును నేలలోని సూక్ష్మజీవి నుంచి పట్టింది బెంజమిన్ డగ్గర్ బృందం. బోదకాలుకు ఊరూరా పంచే డీఈసీ గోలీలు కూడా సుబ్బారావు గారి హయాంలో ఆ ల్యాబు నుంచే వచ్చాయి. కరీంనగర్, నిజామాబాద్ పల్లెల్లో ఆ గోలీ మింగనివాళ్లు తక్కువ. ఆయన ఫొటో పెట్టుకున్న ప్రతి ఫార్మసీ కాలేజీలోనూ పిల్లలకు ఈ మందులు ఎలా పాడవుతున్నాయో కూడా చెప్పాలని నాకు గట్టిగా ఉంటుంది.

ఇక ఆరేళ్ల చదువు ఎందుకు చాలదో చెప్తాను. నేను చూసిన ఒక కేసు ఇది. ఫిట్స్ జబ్బుకు ఏళ్ల తరబడి వాల్‌ప్రోయేట్ వాడుతున్న పేషెంట్ మూత్రంలో ఇన్ఫెక్షన్ ఒళ్లంతా పాకి ఐసీయూలో చేరాడు. మెరోపెనెమ్ అనే గట్టి యాంటీబయాటిక్ మొదలుపెట్టారు. జ్వరం దిగింది, బీపీ నిలబడింది, ఇంట్లోవాళ్ల మొహాల్లో కళ వచ్చింది. ఆ తర్వాత ఫిట్స్ మొదలయ్యాయి. మెదడుకు స్కాన్ తీశారు, వాల్‌ప్రోయేట్ డోసు పెంచారు, అయినా ఆగలేదు. ఆ రోజు రౌండ్స్‌కు వచ్చిన ఒక సీనియర్ ఫార్మసిస్టు, ఇన్ఫెక్షన్లలో ట్రైనింగ్ అయి వచ్చిన మనిషి, కేస్ షీట్‌లో మందుల పేజీ తిప్పి అక్కడే ఆగిపోయారు. మెరోపెనెమ్ శరీరంలో ఉంటే రక్తంలో వాల్‌ప్రోయేట్ ఒకటి రెండు రోజుల్లోనే దారుణంగా పడిపోతుంది, డోసు పెంచినా పైకి లేవదు. ఆయన అంతటితో ఊరుకోలేదు. ఏ సూక్ష్మజీవి ఏ మందుకు లొంగుతుందో చెప్పే కల్చర్ రిపోర్టు తెప్పించి చూశారు. ఈ-కోలై అనే బ్యాక్టీరియా, అమికాసిన్ అనే ఇంకో యాంటీబయాటిక్‌కు లొంగుతోంది, కిడ్నీలు బాగున్నాయి, ఇన్ఫెక్షన్ మూత్రంలో మొదలైందే. "సర్, మెరోపెనెమ్ ఆపి అమికాసిన్‌కు మారదాం, వాల్‌ప్రోయేట్ మళ్లీ లేచేదాకా లెవెటిరాసెటమ్ కలుపుదాం" అన్నారు. లెవెటిరాసెటమ్ ఫిట్స్‌కే ఇంకో మందు. డాక్టర్ గారు ఆ రెండూ వెంటనే రాశారు.

ఈ రెండు మందుల గొడవ మా పుస్తకాల్లో ఉంది. పరీక్షలో రెండు మార్కులకు వస్తుంది కూడా. కానీ ఐసీయూలో పదిహేను మందులున్న షీట్ మీద అది దానంతట అది ఎర్రగా మెరవదు. దాన్ని పట్టుకోవడం ఒక పని, దాని బదులు ఏం పెట్టాలో అదే నిమిషంలో కల్చర్ రిపోర్టు, కిడ్నీ, ఇన్ఫెక్షన్ ఎక్కడ పుట్టిందో అన్నీ కలిపి చెప్పడం ఇంకో పని. రెండో పనికి రోజూ అలాంటి కేసులే చూస్తూ, పక్కన తెలిసిన మనిషి నిలబడి "ఎందుకు?" అని నిలదీస్తుండగా గడిపిన ఏడాది కావాలి. రెసిడెన్సీ అంటే అదే. వారానికొక కేస్ ప్రెజెంటేషన్‌తో వచ్చేది కాదు.

డోసు సంగతి చూడండి. డెబ్బై ఏళ్ల ముసలమ్మ, బరువు 40 కిలోలు, కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష క్రియాటినిన్ 1.0. ల్యాబు రిపోర్టులో పక్కన ఏ గుర్తూ ఉండదు, నార్మల్. వయసు, బరువు వేసి లెక్కగడితే ఆమె కిడ్నీ వడపోత నిమిషానికి దాదాపు 33 మిల్లీలీటర్లే. నార్మల్ అన్న ధీమాతో పూర్తి డోసు రోజుల తరబడి నడిపితే మందు ఒంట్లో పేరుకుపోతుంది. అదే ఐసీయూలో పక్క బెడ్ మీద సెప్సిస్ (ఒళ్లంతా పాకిన ఇన్ఫెక్షన్)తో ఉన్న పాతికేళ్ల కుర్రాడి కిడ్నీలు మామూలు కన్నా వేగంగా మందును బయటికి తోసేస్తుండవచ్చు, అతనికి పుస్తకం డోసు చాలదు. సెప్సిస్‌లో మొదటి ఒకటి రెండు రోజులు క్రియాటినిన్ పెరిగిందని మెరోపెనెమ్ డోసు తొందరపడి తగ్గించకూడదు, ఎందుకంటే సెలైన్ ఎక్కాక ఆ కిడ్నీ తేరుకోవచ్చు, ఈలోగా ఇన్ఫెక్షన్ గెలుస్తుంది. కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్‌కు కిడ్నీని బట్టి డోసు తగ్గించాలి, దాని తమ్ముడి లాంటి పాలీమిక్సిన్ బీకి తగ్గించకూడదు. ఇవన్నీ తెలిసిన ఫార్మసిస్టు వార్డులో తిరుగుతుంటే డాక్టర్‌కు భారం తగ్గుతుంది, పోటీ పెరగదు.

ఆపడం దగ్గర అసలు పేచీ. "కోర్సు పూర్తి చేయాలి" అని అందరికీ నూరిపోశాం. ఏ కోర్సు, ఎన్ని రోజులు అన్నది మాత్రం చాలాచోట్ల అలవాటు మీదే నడుస్తుంది: పద్నాలుగు రోజులు. 2024లో వెలువడిన బ్యాలెన్స్ ట్రయల్‌లో ఏడు దేశాల్లోని 74 ఆసుపత్రుల్లో రక్తంలో ఇన్ఫెక్షన్ ఉన్న 3,600 మందికి పైగా రోగులను చూశారు. ఏడు రోజుల మందు పద్నాలుగు రోజులకు తీసిపోలేదు. స్టాఫ్ ఆరియస్ అనే బ్యాక్టీరియా ఉన్నవాళ్లను, రోగనిరోధక శక్తి బాగా దెబ్బతిన్నవాళ్లను అందులో కలపలేదు, ఆ తేడా గుర్తుపెట్టుకోవాలి. ఎక్కడ వారం చాలు, ఎక్కడ ఆరు వారాలు తప్పవు అని గీత గీయడమే ఈ స్పెషాలిటీ. వారం ముందు ఆగిన సూది అంటే రోగి వారం ముందు ఇంటికి పోవడం, చేతికి గుచ్చి ఉంచిన క్యాన్యులా గొట్టం వల్ల వచ్చే వాపు తప్పడం, భూపాలపల్లి నుంచి వచ్చి ఆసుపత్రి వరండాలో పడుకున్న ఇంటావిడకు వారం కూలి మిగలడం. ఏ రిపోర్టులోనూ ఈ లాభం ఫార్మసిస్టు పేరున పడదు. నాకు దాంతో పేచీ లేదు.

అమెరికాలో ఈ చదువు ఎలా నిలబడిందో తెలుసుకుంటే మనకు ఏం లోటో తెలుస్తుంది. అక్కడ ఫార్మ్ డీ తర్వాత పీజీవై-1 అని ఒక ఏడాది అన్ని విభాగాల్లో, పీజీవై-2 అని ఇంకో ఏడాది ఒకే స్పెషాలిటీలో రెసిడెన్సీ. ఇన్ఫెక్షియస్ డిసీజెస్ అందులో ఒకటి. ఆ తర్వాత రాసే బోర్డు పరీక్ష కూడా ఉంది, ఇన్ఫెక్షన్లకు విడిగా 2019లో మొదలైంది. మనవాళ్లు ఆ దారిలో పోవాలంటే ముందు విదేశాల్లో చదివిన ఫార్మసిస్టులకు పెట్టే ఎఫ్‌పీజీఈఈ పరీక్ష దాటాలి. నాలుగేళ్ల బీఫార్మసీతో దానికి అర్హత లేదు, ఆరేళ్ల ఫార్మ్ డీతో ఉంది. కానీ అక్కడ ఈ సీట్లకు, ఉద్యోగాలకు బలం చదువు వల్లనే రాలేదు. ఆసుపత్రి అన్నాక యాంటీబయాటిక్ వాడకాన్ని కనిపెట్టుకునే బృందం ఉండి తీరాలని 2017 జనవరి నుంచి అక్కడి ఆసుపత్రులకు గుర్తింపునిచ్చే సంస్థ జాయింట్ కమిషన్ షరతు పెట్టింది. షరతు రాగానే ఆ బృందంలో ఫార్మసిస్టు కుర్చీ గట్టిపడింది.

మన దేశంలో ఫార్మ్ డీ 2008లో వచ్చింది. ఆ తర్వాత ఫార్మసీ ప్రాక్టీస్ నిబంధనల్లో క్లినికల్ ఫార్మసిస్టు అన్న మాట చోటు చేసుకుంది. యాంటీబయాటిక్స్ మీద జాతీయ కార్యాచరణ ప్రణాళిక 2017లో వచ్చింది. కాగితాలున్నాయి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో మాత్రం ఫార్మసిస్టు అంటే ఇప్పటికీ స్టోరు, కౌంటరు, ఇండెంట్లు. ఉద్యోగం లేని చదువుకు ఎవరొస్తారని అడిగితే నా దగ్గర తియ్యటి జవాబు లేదు. ఈ రెసిడెన్సీ అయ్యాక వరంగల్‌లో నాకు పోస్టు సిద్ధంగా ఉండదని తెలిసే వెళ్తున్నాను. కొచ్చిలోని అమృత ఆసుపత్రిలో 2016 నుంచి డాక్టర్లతో పాటు క్లినికల్ ఫార్మసిస్టులు రోజూ యాంటీబయాటిక్ ఆర్డర్లు చూస్తున్నారు. ఆ పని చేసి చూపించేవాళ్లు ముందు తయారై ఉంటేనే కుర్చీ వస్తుందని నేననుకుంటాను. పోస్టు వచ్చాక నేర్చుకుందామంటే, పోస్టు అడిగేటప్పుడు చూపించడానికి ఎవరూ ఉండరు.

ఈ కుర్చీ మొదట వేయాల్సిన ఊళ్లలో వరంగల్ ముందుంటుందని నా నమ్మకం. ఇక్కడి పెద్ద ప్రభుత్వాసుపత్రి ఎంజీఎంకు ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్, జనగామ నుంచి పేషెంట్లు వస్తారు. ఏజెన్సీ మలేరియా, పాము కాటేసి కుళ్లిన కాలు, షుగర్ పుండు, క్షయ, కాలిన గాయాలు, పసిపిల్లల నిమోనియా అన్నీ ఒకే గేటు లోపలికి వస్తాయి. 1959 నుంచి మెడికల్ కాలేజీ ఉంది, కాకతీయ యూనివర్సిటీ ఫార్మసీ కాలేజీ ఉంది, చుట్టూ ఫార్మ్ డీ నేర్పే ప్రైవేటు కాలేజీలున్నాయి. ఒక మైక్రోబయాలజీ డాక్టర్, ఒక జనరల్ మెడిసిన్ డాక్టర్, ఏడాదికి ఇద్దరు ఫార్మసీ రెసిడెంట్లు. ఇంతకు మించి పెద్ద ఖర్చు లేదు. బోస్టన్‌లో నేర్చుకున్న ప్రోటోకాల్ ఇక్కడ అచ్చంగా పనికిరాదు కూడా. అక్కడి ఈ-కోలై వేరు, ఇక్కడిది వేరు. ఇక్కడి సూక్ష్మజీవి ఏ మందుకు లొంగుతుందో ఇక్కడి కల్చర్లే చెప్పాలి.

"డాక్టర్లు మన మాట వింటరా అక్కా?" అని జూనియర్లకు పెద్ద టెన్షన్. రౌండ్స్‌లో పీజీల వెనక, సిస్టర్ల పక్కన నిలబడే మనకు అది నిజమైన భయమే. నేను చూసినంతలో వినకపోవడానికి కారణం చాలాసార్లు మనం చెప్పే తీరులో ఉంటుంది. "సర్, ఈ డోసు గైడ్‌లైన్ ప్రకారం తప్పు" అంటే పదిమంది ముందు ఏ డాక్టర్ అయినా బిగుసుకుంటారు. "సర్, నిన్న కల్చర్ వచ్చింది, జ్వరం లేక రెండు రోజులైంది, నోటితో తింటున్నాడు, లైన్జోలిడ్ గోలీకి మారితే రేపు డిశ్చార్జ్ చేయొచ్చేమో" అంటే చాలామంది తల తిప్పి చూస్తారు. నోటితో వేసుకున్నా లైన్జోలిడ్ అనే యాంటీబయాటిక్ దాదాపు పూర్తిగా ఒంటికి పడుతుంది, సూదే అక్కర్లేదు. ఇది చెప్పడానికి మందు తెలిస్తే సరిపోదు. ఆ రోగి నిన్న ఏం తిన్నాడో కూడా తెలిసి ఉండాలి. వినని డాక్టర్లు కూడా ఉంటారు. వాళ్లతో మర్నాడు మళ్లీ మాట్లాడాలి, అంతే.

ఆంకాలజీ గొప్ప స్పెషాలిటీ, దాని మీద నాకు చిన్నచూపు లేదు. అయితే కీమో తీసుకునే పేషెంట్‌కు తెల్లకణాలు పడిపోయి జ్వరం వచ్చిన రాత్రి చూడాల్సింది మళ్లీ యాంటీబయాటికే. సిజేరియన్, మోకాలి ఆపరేషన్, డయాలసిస్, నెలలు నిండని బిడ్డ, ఇవన్నీ ఈ మందులు పనిచేస్తాయన్న నమ్మకం మీదే నడుస్తున్నాయి. ఆ మందులు తయారయ్యే నేల కూడా మనదే. హైదరాబాద్ పక్కన పటాన్‌చెరులో మందుల కంపెనీల నుంచి వచ్చి, శుద్ధి చేసి వదిలిన నీళ్లలో కూడా లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లోక్సాసిన్ ఉందని 2007లోనే స్వీడన్ శాస్త్రవేత్తలు చూపించారు. లోకానికి యాంటీబయాటిక్స్ పంపే రాష్ట్రంలో వాటిని కాపాడే చదువుకు స్కోప్ లేదంటే నేను ఒప్పుకోను.

బాపు మొదట్లో నచ్చజెప్పబోయాడు. తర్వాత ఒకరోజు షాపు మూసేటప్పుడు, "మంచిగ నేర్చుకొనిరా బిడ్డా. ఇక్కడ చెప్పెటోళ్లు లేకనే మేం తిప్పలవడుతున్నం" అన్నాడు.

ఈ దారిలో రావాలనుకునే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక మాట. రెసిడెన్సీ, ఫెలోషిప్ అని పేరు పెట్టి రోజంతా ప్రిస్క్రిప్షన్లు కంప్యూటర్‌లో ఎక్కించే పని చేయించుకునే చోట్లు ఉంటాయి. సర్టిఫికెట్ మీద ఏం రాసి ఉంటుందో తర్వాత చూసుకోవచ్చు. చేరేముందు ఆ ఆసుపత్రికి ఒకసారి వెళ్లి అక్కడ ఇప్పటికే ఉన్న రెసిడెంట్‌తో మాట్లాడండి. ఫార్మసిస్టు రోజూ రౌండ్స్‌కు వెళ్తారా, ఆయన ఆపమన్న మందు ఎప్పుడైనా ఆగిందా, మిమ్మల్ని సరిదిద్దే మనిషి ఎవరు అని అడగండి. ఆ ఆసుపత్రి సొంత యాంటీబయోగ్రామ్ చూపించమనండి. పోయిన ఏడాది తమ కల్చర్లలో ఏ సూక్ష్మజీవి ఏ మందుకు ఎంత శాతం లొంగిందో చెప్పే ఆ ఒక్క కాగితం వాళ్ల దగ్గర లేకపోతే ఆ సీటు తీసుకోకండి.